ఏనుగుల పొరుగున కూరతోట

ఆఫ్రికాలోని జాంబియా దేశపు తూర్పుభాగంలో, లువాంగ్వా నదీతీరాన, సుమారు 9,050 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల దక్షిణ లువాంగ్వా జాతీయ వనం ఉంది. 1972లో జాతీయ వనంగా ప్రకటింపబడిన ఈ అడవిలో ఏనుగులను, చిరుతలను చూడటానికి దేశదేశాల యాత్రికులు వస్తారు. వారికోసం నది వెంబడి సఫారీ లాడ్జీలనే విడిది గృహాలు వెలిశాయి. ఆ విడిదుల వంటశాలకు టమాటాలు, ఆకుకూరలు ఎక్కడినుండి రావాలనేది చూడటానికి చిన్న ప్రశ్నే. కాని ఆ అడవి క్షేమం కొంతవరకు దాని సమాధానాన్ని బట్టి ఉంటుంది.

రాజధాని లుసాకా నుండి లారీలలో తెప్పించుకోవడం విడిదివారికి సులభం. అయితే ఆ సొమ్ము లోయ దాటి వెళ్లిపోతుంది. అడవి అంచున మ్ఫువే పరిసరాలలో నివసించే రైతుకు మిగిలేది, రాత్రివేళ వచ్చి మొక్కజొన్న చేను తొక్కిపోయే ఏనుగు మాత్రమే. అతడు ఉచ్చు పన్నితే నిందించడం తేలిక. వేరొక జీవనాధారం చూపడం కష్టం. 2003లో ఈ లోయలో ఆరంభమైన కొమాకో అనే సంస్థ ఆ కష్టమైన పనినే చేపట్టింది. వేట మాని తుపాకులు, ఉచ్చులు అప్పగించినవారికి సేద్యంలో శిక్షణనిచ్చి, వారి పంటను మంచి ధరకు కొనసాగింది.

ఇక్కడి సేద్యం మన సేద్యం వంటిది కాదు. వానలు నవంబరు నుండి ఏప్రిల్ వరకు కురుస్తాయి. యాత్రికులు అధికంగా వచ్చేది వానలు లేని నెలలలో. కాబట్టి వారి కోసం పెంచే కూరతోటకు బావినీరే ఆధారం. మడులపై ఎండుగడ్డి పరచి, ఉన్న తడిని కాపాడుకోవాలి. ఇక ఎరువు సంగతి. ఈ లోయలో ట్సెట్సీ ఈగ కాటువల్ల పశువులకు ప్రాణాంతకమైన వ్యాధి సోకుతుంది. అందుచేత పశుపోషణ తక్కువ, పెంట ఎరువు అరుదు. ఆ లోటును కొంత ముసంగు అనే చెట్టు తీరుస్తుంది. దీని నడవడి విచిత్రమైనది. తక్కిన చెట్లు వానకు చిగురిస్తే, ఇది వానాకాలంలో ఆకు రాల్చి, ఎండలలో పచ్చగా నిలుస్తుంది. పైరు ఎదిగే వేళ దాని నీడ అడ్డురాదు. రాలిన ఆకు నేలకు నత్రజనిని అందిస్తుంది.

ఎండిన అడవి పక్కన పచ్చని మడి కనిపిస్తే ఏనుగు ఆగదు. మ్ఫువే లాడ్జిలో నవంబరు ప్రాంతంలో ఏనుగుల కుటుంబం ఒకటి స్వాగతశాల గుండా నడిచి, లోపలి అడవిమామిడి చెట్టును చేరుకోవడం లోకప్రసిద్ధం. అతిథులకది వినోదం, అదే ఏనుగు చేనిలో అడుగిడితే రైతుకు ఏడాది తిండి పోయినట్లే. దీనికి ఆఫ్రికా రైతులు వాడే ఆయుధం మిరప. ఎండుమిరప పొడిని ఏనుగు పేడతో కలిపి ఇటుకలుగా చేసి ఆరబెట్టి, చీకటిపడే వేళ చేనిగట్లపై రాజబెడతారు. ఆ ఘాటు పొగకు ఏనుగులు వెనుదిరుగుతాయి. గాలి మళ్లితే పొగ పనిచేయదు గనుక మనిషి కావలి తప్పదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు నావలలో మన గుంటూరు సీమకూ ఆఫ్రికాకూ చేరిన ఈ పంట, అక్కడ చేనికి కావలిగా కూడా మారింది!

వంటశాల కూడా కొంత మారక తప్పదు. ఏడాది పొడవునా ఒకే పరిమాణం గల టమాటాలు కావాలంటే చిన్న రైతు ఇవ్వలేడు. గుమ్మడి ఆకును వేరుశనగ పొడితో వండి, న్షిమా అనే మొక్కజొన్న సంకటితో వడ్డిస్తే దూరదేశపు అతిథికి అంతకన్న కొత్త రుచి ఏముంటుంది? ఏ నెలలో ఎన్ని బుట్టలు కావాలో విత్తనాలు చల్లకముందే చెప్పడం, సరుకు తెచ్చిన రోజే సొమ్ము చెల్లించడం అంతకన్న ముఖ్యం. విత్తనానికి అప్పుచేసినవాడు నెలల తరబడి ఆగలేడు. వంటశాలలోని తొక్కలు, తరుగు తిరిగి తోటకే ఎరువుగా చేరవచ్చు. కాని ఆ గుంటకు గట్టి మూత ఉండాలి. లేకుంటే వాసనకు కోతులు, దుమ్ములగొండ్లు వస్తాయి. నారింజ తొక్కలుంటే ఏనుగులే వస్తాయి.