డిస్కులు వరుసగా పోతుంటే తప్పు డిస్కుదేనా?

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోతే కొత్తది వేయిస్తాం. ఆ కొత్తదీ నాలుగు నెలలకే మొరాయిస్తే ఆ కంపెనీ మంచిది కాదంటాం, ఇంకో కంపెనీది కొంటాం. అదీ పోతే మన ఖర్మ అని సరిపెట్టుకుంటాం. వీటన్నిటి వెనకా ఉన్న అపోహ ఒక్కటే: డిస్క్ కనిపించడం లేదంటే చెడిపోయింది డిస్కేనని. కానీ డిస్కుకు కరెంటు అందించేదీ, డేటాకు దారి ఇచ్చేదీ ల్యాప్‌టాపే. రెండు మూడు డిస్కులు వెంటవెంటనే పోయినప్పుడు వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ యంత్రం ఒక్కటే కాబట్టి, ముందు అనుమానించాల్సింది దాన్నే.

చాలా మోడళ్లలో డిస్కును మదర్‌బోర్డుకు కలిపేది పల్చటి ఫ్లెక్స్ కేబుల్. 2012 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఇది తరచూ చెడిపోతుందని రిపేరు చేసేవాళ్లకు బాగా తెలుసు. మడత పడే చోట, లోహపు అంచుకు ఒరుసుకునే చోట లోపలి రాగి గీతలు చిట్లుతాయి. కేబులే పోతే కొత్త డిస్క్ కొన్నాళ్లు బాగా ఎలా పనిచేసిందని అడగవచ్చు. చిట్లిన గీత పూర్తిగా తెగిపోయినట్టు కాదు. డిస్క్ మార్చేటప్పుడు కేబుల్ కదిలి గీతలు మళ్లీ ఆనుకుంటాయి, తర్వాత వేడికో కుదుపుకో విడిపోతాయి. కొత్త డిస్కుతో నయమైనట్టు కనిపించినంత మాత్రాన పాత డిస్కే దోషి అని తేలినట్టు కాదు.

ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇక గొడవే ఉండదన్నది మరో నమ్మకం. తిరిగే భాగాలు లేనందున అది కుదుపులకు తట్టుకుంటుంది, ఆ మేరకు నిజమే. అయితే పాత ల్యాప్‌టాప్ డిస్కులు చాలావరకు సెకనుకు 3 గిగాబిట్లో అంతకంటే తక్కువో లింకు వేగంతో నడిచేవి. సాటా ఎస్‌ఎస్‌డీ, ల్యాప్‌టాప్‌కు ఆ సామర్థ్యం ఉంటే, 6 గిగాబిట్లతో నడుస్తుంది. వేగం పెరిగేకొద్దీ నలిగిన కేబుల్ మీద సిగ్నల్ తప్పే అవకాశం పెరుగుతుంది. పాత డిస్కుతో ఎలాగో నెట్టుకొచ్చిన కేబుల్, కొత్త ఎస్‌ఎస్‌డీ దగ్గర చేతులెత్తేయడం అందుకే.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ‘గుడ్’ అని వస్తే డిస్క్ క్షేమమేనా? గూగుల్ ఇంజినీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. చెడిపోయిన వాటిలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను పక్కన పెడితే, ఏ స్మార్ట్ హెచ్చరికా లేకుండానే పోయాయి. అలాగని రిపోర్టును పక్కన పడేయనక్కర్లేదు. ‘గుడ్’ అన్న మాటను వదిలి అంకెలు చూడాలి. హార్డ్ డిస్కుల్లో 5వ, 197వ వరుసలు చెడిన సెక్టార్లనూ అనుమానాస్పద సెక్టార్లనూ లెక్కిస్తాయి. 199వ వరుస డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో జరిగిన పొరపాట్లను లెక్కిస్తుంది. ఇది ఒకసారి పెరిగితే మామూలుగా తగ్గదు కనుక, ఇవాళ్టి అంకె రాసుకుని కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూడాలి. 5, 197 సున్నాగా ఉండి 199 పెరుగుతూ పోతే ముందు చూడాల్సింది కేబుల్, కనెక్టర్లే.

మన ఇళ్లలో ఇంకో కారణమూ మామూలే. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ను నేరుగా చార్జర్ మీదే నడుపుతారు. రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది, ఒక్కోసారి సగం రాసిన సెక్టార్ చదవడానికి రాదు. దాన్ని డిస్క్ పోవడంగా లెక్కేస్తాం. బ్యాటరీ మార్చకుండా ఎన్ని డిస్కులు మార్చినా ఇది ఆగదు.

డిస్కులు నిజంగా చావవని నా వాదన కాదు. టిక్‌టిక్ శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయాలి, అందులో విలువైన డేటా ఉంటే రికవరీ నిపుణులకే ఇవ్వాలి. కొత్తదని అమ్మిన డిస్క్ వాడేసినది కావచ్చు, స్మార్ట్‌లోని 9వ వరుసలో నడిచిన గంటలు చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. తేల్చుకునే దారి మాత్రం ఉంది. ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకున్నాక ఆ డిస్కును యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే కంప్యూటర్‌లో మొదటి నుంచి చివరిదాకా చదివించాలి. అక్కడ తప్పు లేకుండా చదివితే డిస్క్ మీద నేరం దాదాపు వీగిపోయినట్టే. డిస్క్ తీసేసిన ల్యాప్‌టాప్‌ను పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో నడిపినా ఆగిపోతుంటే ర్యామ్‌నో మదర్‌బోర్డునో పరీక్షించాలి. మామూలుగా కేబుల్ ధర డిస్క్ ధర కంటే చాలా తక్కువ. ఈసారి షాపులో డిస్క్ మార్చాలంటే ముందు 199వ వరుసలో ఎంతుందో అడగండి, తీసేసిన పాత డిస్కును అక్కడే వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.