పిల్లల హోంవర్క్‌లో పెద్దల పాత్ర ఎంత?

మగ్రిబ్ నమాజు తరువాత మన ఇళ్లలో తరచు కనిపించే దృశ్యమిది. పిల్లవాడు పుస్తకం తెచ్చి "అబ్బూ, ఈ లెక్క రావడం లేదు" అంటాడు. "ట్యూషన్‌లో అడుగు" అని ఒక తండ్రి పంపివేస్తాడు. మరొక తండ్రి విసుగుతో తానే చేసి ఇస్తాడు. ఈ రెండూ సహాయం కావు.

ఇతరులను నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ పొరపాటు నేనే చేశాను. నా కుమార్తె ఏడవ తరగతిలో ఉండగా ఐదు భిన్నాల లెక్కలు నేనే చేసి, చూసి రాసుకొమ్మన్నాను. మరునాడు ఉపాధ్యాయురాలు వాటిలో ఒకదానిని బోర్డు మీద చేయమన్నారు. పాప సుద్దముక్క పట్టుకుని మౌనంగా నిలబడిపోయింది. అబద్ధమాడరాదని మదర్సాలో బోధించే నేను, నా బిడ్డ నోటుపుస్తకంలో ఐదు అబద్ధాలు రాయించాను.

ఆ రాత్రి పుస్తకం పక్కన పెట్టి, నాకు తెలిసిన వారసత్వ లెక్కతో మొదలుపెట్టాను. ఒక వ్యక్తి భార్యను, ఒక కుమారుణ్ణి, ఒక కుమార్తెను వదలి మరణించాడు. అప్పులు తీర్చగా 2,40,000 రూపాయలు మిగిలాయి. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 30,000. మిగిలిన 2,10,000లో కుమారునికి రెండు వంతులు, కుమార్తెకు ఒక వంతు; 1,40,000, 70,000. వీటిని 24 భాగాలుగా చూస్తే 3, 14, 7 అని పాపే చెప్పింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో కూడా వారసత్వ లెక్కలకు పెద్ద భాగమే ఉంది.

ఇతర పాఠాలకూ ఇంట్లోనే ఆధారాలు దొరుకుతాయి. విజ్ఞానశాస్త్రంలో చంద్రకళల పాఠం వస్తే, నెలవంక కనిపించిన నాటి నుండి రోజూ చంద్రుని ఆకారం గీయించండి. చాంద్ర సంవత్సరం సుమారు 354 రోజులే గనుక రంజాన్ ఏటా 11 రోజుల మేర ముందుకు జరుగుతుందని పిల్లలే గ్రహిస్తారు. సాంఘికశాస్త్రంలో రేఖాంశాలు వస్తే, సౌదీలో ఉన్న మామయ్యకు ఫోను చేయించి అక్కడి సమయం అడిగించండి. మన ప్రామాణిక కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది, వారిది 45 డిగ్రీలది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటల తేడా.

తెలుగు పాఠాన్ని ఉర్దూ మాత్రమే తెలిసిన దాదీకి కథగా చెప్పమనండి. అర్థం కానిదానిని ఎవరూ మరో భాషలో చెప్పలేరు. దాదీ అడిగే ప్రశ్నలే మంచి పరీక్ష.

చదువుకోని తల్లిదండ్రులు నిరాశపడనవసరం లేదు. ఫోను పక్కన పెట్టి అరగంట పిల్లల దగ్గర కూర్చోండి. "ఇది నాకు చెప్పు, ఎక్కడ ఆగిపోయావు?" అని అడగండి. ఆగిన చోట గుర్తు పెట్టించి, ఉపాధ్యాయుణ్ణి అడగడానికి సిగ్గుపడవద్దని ధైర్యం చెప్పండి. తప్పుతో వెళ్లిన నోటుపుస్తకం ఉపాధ్యాయునికి నిజం చెబుతుంది. మనం దిద్దిపెట్టిన పుస్తకం ఆ నిజాన్ని దాచిపెడుతుంది.

నా కుమార్తె మరుసటి వారం మూడు లెక్కలు సరిగా, రెండు తప్పుగా చేసుకుని వెళ్లింది. ఆ ఐదూ ఆమెవే. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, మనకు ఓర్పును ప్రసాదించుగాక!