పోటీ ముగిసిన పిమ్మట పక్షము నేకము చేయుట

గత సంవత్సరము మా పాఠశాలలో విద్యార్థి నాయకుని ఎన్నిక జరిగిన పిదప, ఓడిన పక్షపు బాలురు కొందఱు వార్షికోత్సవ నాటకమునకు రామని ఇంటికడనే కూర్చుండిరి. తెర కట్టువారు లేక ఉపాధ్యాయులమైన మేమే తెర కట్టవలసి వచ్చెను. ఒక పక్షమువారే తమలో తాము పోరాడిన పిదప మరల నేకమగుట ఎట్లు? అను ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు. దీనికి అమెరికా చరిత్రయందు తగిన దృష్టాంతములు కలవు. వానిని మా విద్యార్థుల కెఱిగింప దలచితిమి.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్ల కొకసారి అధ్యక్షుని ఎన్నిక జరుగును. అచటి ప్రధాన పక్షములు రెండు: డెమొక్రాటిక్ పక్షము, రిపబ్లికన్ పక్షము. ప్రతి పక్షమును తన అభ్యర్థిని ముందుగా నిర్ణయించుకొనవలెను. పూర్వము పక్షపు పెద్దలే మహాసభలో గూడి ఈ పని చేయుచుండిరి. నేడు చాల రాష్ట్రములలో ప్రైమరీ అను ప్రాథమిక ఎన్నికయందు సామాన్యులే వోటువేసి, ఆ ఫలితము ననుసరించి మహాసభకు ప్రతినిధులను పంపుదురు. పద్ధతి మంచిదే, కాని చిక్కు నిందే యున్నది. పోటీచేయు వారందఱును ఒకే పక్షమువారగుటచే వారి సిద్ధాంతములలో భేద మల్పము. భేద మల్పమైనచోట వాదము మనుష్యుని మీదికి పోవును. అతనికి అనుభవము లేదని యొకరు, ఆమె మాట నమ్మదగదని మఱియొకరు అందురు. అట్టి మాటలు లోతుగా నాటును. పెద్దలు నలుగురు కలహించిన నది నాలుగు గోడల నడుమ అణగవచ్చును. లక్షలమంది వోటువేసినచో ఆ కినుక ఇంటింటికిని చేరును.

ఏకము కాలేని పక్షము గతి 1912లో కనబడినది. రిపబ్లికన్ పక్షమున అధ్యక్షుడు టాఫ్టునకును, మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టునకును పోటీ కలిగెను. ప్రాథమిక ఎన్నికలు జరిగిన రాష్ట్రములలో పెక్కింట రూజ్వెల్టే గెలిచెను. కాని చికాగో మహాసభలో వివాదపడిన ప్రతినిధి స్థానములలో చాలవఱకు టాఫ్టు వారికే దక్కెను. తనకు అన్యాయము జరిగినదని రూజ్వెల్టు వెలుపలికి వచ్చి వేఱొక పక్షము స్థాపించెను. ఆ యేటి ఎన్నికలో ఇద్దఱి వోట్లును కలిపిన విల్సను వోట్లను మించుచుండెను. అయినను గెలిచినవాడు డెమొక్రాటిక్ అభ్యర్థియగు విల్సనే. టాఫ్టునకు దక్కిన ఎన్నికల సంఘపు వోట్లు ఎనిమిది మాత్రమే! మన దేశమునందును 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికై సుభాస్ చంద్రబోసు 1580 వోట్లతో మన పట్టాభి సీతారామయ్యగారిపై గెలిచియు, ఆ యేప్రిలునందే రాజీనామా నిచ్చుట మన పెద్దలెఱిగిన విషయమే.

ఇక 2008 సంవత్సరపు కథ వేఱు. డెమొక్రాటిక్ పక్షమున బరాక్ ఒబామాయు, శ్రీమతి హిల్లరీ క్లింటనును జనవరి మొదలు జూను వఱకు పోరాడిరి. ఫ్లారిడా, మిచిగను రాష్ట్రములు నియమము మీఱి ముందుగా ఎన్నిక జరిపినందున వాని ప్రతినిధులను లెక్కింపవలెనా యని పెద్ద తగవు పుట్టెను. మే 31న పక్షపు సంఘము ఒక్కొక్కరికి అరవోటు చొప్పున నిచ్చెను. విజయము నిశ్చయమైన పిదప ఆగస్టులో పూర్తి వోటు నిచ్చిరి. ఓడినవారి మనస్సునకు ఇట్టి చిన్న పనులే మందు. వాదములో గెలిచినవాడు లెక్కలో ఉదారుడైన నష్ట మేమి?

జూను 7న క్లింటను తన పోటీ చాలించి, ఒబామాకు తోడ్పడుడని అనుచరులను కోరెను. ఆమె ప్రచారమునకు పెద్ద అప్పు మిగిలియుండెను. ఒబామా తన సొంత చెక్కు 2,300 డాలర్లకు వ్రాసి యిచ్చుటయే గాక, తన దాతలను కూడ సాయము చేయుడని కోరెను. నాటి చట్టము ప్రకారము ఒక్క మనుష్యు డీయగలిగిన మొత్త మంతయే. జూను 27న ఇద్దఱును న్యూ హాంప్షైరు రాష్ట్రమున ఒక చిన్న గ్రామమునందు ఒకే వేదిక నెక్కిరి. ఆ గ్రామము పేరు యూనిటీ, అనగా ఐకమత్యము. పేరుకొఱకే ఎన్నుకొనిరని తోచవచ్చును గాని, జనవరిలో అచట ఇద్దఱికిని సరిగా 107 వోట్ల చొప్పున వచ్చియుండుట మాకు మిక్కిలి వింతగా నున్నది.

ఆగస్టులో డెన్వరు మహాసభ కూడెను. అచట క్లింటను పేరును కూడ ప్రతిపాదింపనిచ్చి, రాష్ట్రములవారీగా వోట్లు పిలువ నారంభించిరి. ఆమెకై నెలల తరబడి శ్రమించినవారు ఆమె పేరు సభలో వినవలెనని కోరిరి, విన్నారు. న్యూయార్కు వంతు వచ్చినప్పుడు క్లింటనే లేచి, లెక్క నాపి ఒబామాను ఏకకంఠముగా ఎన్నుకొనుడని ప్రతిపాదించెను. ఓడినవారిని నోరు మూయించుటకును, వారి నోటనే సమ్మతి పలికించుటకును ఎంతయో తేడా కలదు.

ఆమె పక్షమువారందఱును వచ్చి చేరిరని చెప్పజాలము. కొందఱు కడవఱకును రాలేదు. అయినను నవంబరు 4న ఒబామా 365 ఎన్నికల సంఘపు వోట్లతో గెలిచెను. తొలుత తనతో పోటీచేసిన జో బైడెనునే ఉపాధ్యక్షునిగా నుంచుకొనెను. 2009 జనవరిలో క్లింటను విదేశాంగ వ్యవహారముల పదవిని స్వీకరించి, నాలుగేండ్లు నిర్వహించెను.

మా పాఠశాలలో ఈ యేటి ఎన్నికయు ముగిసినది. నాటకమునకు నిర్వాహకుని ఇంకను నియమింపలేదు. ఓడిన బాలుని అడిగి చూతమని మా తోడి ఉపాధ్యాయు లొకరు అనుచున్నారు.