పాత యింటి పుట్టుపూర్వోత్తరములు

నాగర్‌కర్నూలు జిల్లాలోని కోడేరువంటి యూరిలో ఒక పాత మిద్దెను చూపి, "ఇది యెప్పటిది?" అని యడిగినచో, "మా ముత్తాతలనాటిది" అను సమాధానము వచ్చును. ఆ మాట అసత్యము కాదు. కాని చరిత్రయు కాదు. ఇల్లు ఒక్కనాడు పుట్టునది కాదు. తరమున కొక గది, పెండ్లి కొక వసారా, పంపకమున కొక అడ్డుగోడ చేరుచు అది పెరుగును. కావున ఇల్లెప్పటిదని గాక, అందలి యే భాగ మెప్పటిదని ప్రశ్నింపవలెను.

తొలిసాక్షి గోడయే. రెండు గోడలు కలియు మూలలో రాళ్లు ఒకదానిలో నొకటి పెనవేసికొని యున్నచో, అవి యేకకాలమున లేచినవి. నిట్టనిలువుగా అతుకు కనబడినచో, ఒకటి తరువాత వచ్చినది. గోడలో మూసివేసిన ద్వారపు జాడ యున్నచో, అన్నదమ్ములు వేరుపడిన కాలమును వెదకవలెను. దూలమున పనిలేని బెజ్జము లున్నచో, ఆ కలప అంతకుముందు మరియొక యింటిని మోసినదన్నమాట.

కప్పును సాక్ష్య మిచ్చును. యంత్రముతో చేసిన మంగుళూరు పెంకులను బాసెల్ మిషన్‌వారు 1865లో తయారుచేయ నారంభించిరి. అట్టి పెంకులు గల కప్పు అంతకు ముందుది కాజాలదు. కాని దాని వెనుకనున్న మట్టిమిద్దె యెంత పాతదైనను కావచ్చును.

ద్వారబంధముపై చెక్కిన సంవత్సరమును చూచి తొందరపడరాదు. అది ద్వారము వయస్సే గాని యింటి వయస్సు కాదు. పైగా "ప్రభవ" యని మాత్రమే యున్నచో అది 1867 కావచ్చును, 1927 కావచ్చును. అరువదియేండ్ల కొకమారు ఆ పేరు తిరిగి వచ్చును. నిజాము రాజ్యమునాటి పత్రములలో ఫసలీ సంవత్సరము లుండును. వానికి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును: 1357 ఫసలీ యనగా 1947-48. పొలముల పహాణీలలో ఊరి నడుమనున్న యిండ్ల వివరము దొరకదు. అందుకు భాగపత్రములు, క్రయపత్రములు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు చూడవలెను. గోడయు కాగితమును ఒకే మాట చెప్పినప్పుడే నమ్మవలెను.

ఈ శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. శ్రీశైలము ఆనకట్ట పూర్తియైన 1981 ప్రాంతమున, మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమున మరల నిలిపిరి. కొల్లాపురము చెంత జటప్రోలు ఆలయములకును అట్టి రక్షణ లభించినది. అదే నీటిలో మునిగిన సామాన్యుల యిండ్ల కా భాగ్యము లేకపోయినది. నేడు నీరు రాకయే మిద్దెలు కూలుచున్నవి. వాని తలుపులు, దూలములు అంగళ్లకు చేరుచున్నవి. తలుపు తరలిపోయినచో, దానిపైనున్న తేదీ యే యింటిదో చెప్పువా రుండరు.

ఉపాధ్యాయులు ఈ పనికి పూనుకొనవచ్చును. తరగతికొక యిల్లు చాలును. ఇంటివారి యనుమతితో విద్యార్థులు గదులను కొలిచి పటము గీయవలెను, అతుకులను గుర్తింపవలెను, పెద్దలు చెప్పినదానిని, కంటికి కనబడినదానిని వేర్వేరుగా వ్రాయవలెను. ఇల్లు నిలిచియుండగనే ఈ పని జరుగవలెను.