రామములగ ఒరుగులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో విరివిగా పండు రామములగకు, అనగా టొమాటోకు, వెల నిలుకడ లేదు. 2023వ సంవత్సరము జూలైలో మదనపల్లె మార్కెట్టునందు కిలో 200 రూపాయలకు చేరువయ్యెను. సెప్టెంబరు నాటికే నేలకు దిగెను. కోతకూలియైనను గిట్టనప్పుడు రైతులు పండ్లను బాటప్రక్కన పాఱబోయుచుందురు. అట్టి వారముననే గంపెడు కొని ఒరుగులు పెట్టుకొనవలెనని మేము చెప్పుదుము.

గట్టి పండ్లను కడిగి తుడిచి, చక్రములుగా తఱిగి, ఉప్పు, పసుపు చల్లి, పలుచని గుడ్డపై ఎండలో పఱవవలెను. పండునందు నూటికి 94 పాళ్లు నీరే గనుక ఒకనాటి యెండ చాలదు. రాత్రులు లోపల బెట్టుచు, విఱిచిన ఫెళ్లుమనువఱకు ఎండింపవలెను. తడి మిగిలినచో బూజు పట్టును. జాడీలోనే దాచుడు; రేకుడబ్బాను ఉప్పును పులుపును తినివేయును. అంగడి సాసు సీసాలకంటె మాకివియే రుచి.

వెల మండునాడు గుప్పెడు ఒరుగులు వేడినీట నానవేసి, పచ్చిమిరపకాయలతో కందిపప్పున గలిపి యుడికించి, యెనిపి తాలింపు పెట్టినచో ఇంటిల్లిపాది రాగిసంగటికి సరిపోవును. పప్పు మెత్తబడిన పిమ్మటనే ఒరుగులు వేయుడు. పులుపు ముందుగా తగిలిన పప్పు ఉడుకదు.