పురుగుమందుకు బిల్లు ఎందుకు?

ఈ పూట పురుగు సంగతి కాదు, పురుగుమందుల చట్టం సంగతి రెండు మాటలు చెప్పుకుందాం. చట్టమనగానే లేచి పోకండి. ఇందులో మీ డబ్బు కూడా ఉన్నది.

ఈ చట్టం ఊరికే పుట్టలేదు. 1958లో కేరళలో పారాథియాన్ అనే మందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయినారు. దానిపై విచారణ జరిగి, 1968లో పార్లమెంటు ఈ చట్టం చేసినది. 1971లో నియమాలు వచ్చినవి.

లైసెన్సు లేనిదే ఎవ్వరూ మందు అమ్మరాదు. అమ్మితే బిల్లు ఇవ్వవలెను. లేబులు మీద ఒక మాట, లోపల వేరొక సరుకు ఉంటే దానిని మిస్‌బ్రాండెడ్ అంటారు. 2000లో జరిగిన సవరణ ప్రకారం అటువంటిది అమ్మినవారికి మొదటి తప్పుకు రెండేండ్ల వరకు జైలు గాని, 10,000కు తగ్గకుండా 50,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చును. మళ్లీ చేస్తే మూడేండ్ల వరకు జైలు, 75,000 వరకు జరిమానా. లైసెన్సు పోవడం వేరే.

సరే, ఆ జరిమానా ఎవరికి పోతుంది? సర్కారుకు. పాడైన మీ చేనుకు అందులో పైసా రాదు. ఇక్కడే మనవాళ్లు పొరబడుతున్నారు. నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనుకు మీరే వెళ్లవలెను. రైతుకు ఆ దారి లేదని కంపెనీలు వాదిస్తూ వచ్చినవి. విత్తనాల వ్యాజ్యంలో ఆ వాదన చెల్లదని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చినది. ఆ వ్యాజ్యం మన ఆంధ్రప్రదేశ్ రైతులదే. 2019 నాటి వినియోగదారుల చట్టం మీరు కాపురమున్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోనిస్తుంది. రెండేండ్ల లోపు వేయవలెను.

అయితే రుజువు? కొన్నేండ్ల క్రిందట ఒక మిరప రైతు ఖాళీ సీసా పట్టుకొని నా దగ్గరకు వచ్చినాడు. మూడుసార్లు కొట్టినా పురుగు కదలలేదు. మందు అరువుకు తెచ్చినాడు. లెక్క దుకాణదారు పుస్తకంలోనే ఉన్నది. ఇద్దరమూ వెళ్లినాము. "ఇది మా సరుకు కాదండీ" అన్నాడాయన. కొట్టులో ఆ మందు ఒక్క డబ్బా లేదు. తిరిగి వస్తూ రైతు, "నేను అబద్ధం చెబుతున్నానా సార్?" అని అడిగినాడు. అబద్ధం కాదని నాకు తెలుసు. కాని నా చేతిలో కాగితం లేదు.

నమూనా తీసే పద్ధతి తెలిస్తే దీని కిటుకు తెలుస్తుంది. ఇన్‌స్పెక్టరు, అంటే చాలాచోట్ల మీ మండల వ్యవసాయాధికారే, కొట్టులోని సరుకు తీసి మూడు భాగాలుగా సీలు వేస్తాడు. ఒకటి దుకాణదారుకు, ఒకటి పరీక్షకు, ఒకటి కోర్టుకు. మీరు మూత తీసిన సీసాలో మీరే ఏదో కలిపినారని అవతలివాడు అనగలడు. కొట్టులో సీలుతో ఉన్న అదే బ్యాచి సరుకు గురించి అనలేడు. అందుచేత మందు పనిచేయలేదనిపిస్తే, బిల్లు తీసుకొని, సరుకు అమ్ముడైపోక ముందే ఆఫీసుకు రండి. పదిరోజులు చూద్దామనుకోవద్దు. ఎక్కువ కొంటే ఒక డబ్బా మూత తీయక ఉంచండి.

ఒక మాట మరిచినాను. సొంత సేద్యపు భూమిలో వాడుకొనే రైతుకు ఈ చట్టం 38వ సెక్షను మినహాయింపు ఇస్తున్నది. దీనికి మురిసిపోనక్కర లేదు. లేబులులో చెప్పని మోతాదు కొట్టినారని తేలితే, మీ పరిహారపు దావాలో అవతలి వకీలు మొదట ఎత్తేది అదే.

బిల్లులో మందు పేరు, కంపెనీ, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్నవో లేవో కొట్టులో నిలబడే చూసుకోండి. అరువు సరుకుకు బిల్లు ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. నియమాలలో నగదు బిల్లుతో పాటు అరువు బిల్లూ ఉన్నది.