లంగరు దింపిన చోట చుట్టరికం

నడిసముద్రంలో పడవకు ఇరుగుపొరుగులు లేరు. లంగరు దింపిన రేవులో మాత్రం ప్రక్క పడవవాడే పొరుగువాడు. అతని ఊరేదో, భాష ఏదో తెలియకపోవచ్చును. అయినా మంచినీరు ఎక్కడ దొరకును, గాలి ఎప్పుడు మళ్ళును, ముందు త్రోవలో ముప్పేమి అని అడుగవలసినది అతనినే. చిన్న తెరచాప పడవలపై దేశాలు తిరిగేవారి జీవితమంతా ఈ ఏకాంతానికీ, ఈ పొరుగుకూ నడుమనే సాగుతుంది. ప్రపంచాన్ని ఒంటరిగా చుట్టివచ్చిన తొలి నావికుడుగా చరిత్రకెక్కిన జాషువా స్లోకం కథ ఇందుకు నిదర్శనం.

స్లోకం 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో జన్మించినాడు. పెద్ద తెరచాప ఓడలకు కప్తానుగా పనిచేసి పేరు పొందినాడు. ఆవిరి ఓడలు పెరిగి తెరచాపల కాలం చెల్లిపోగా, నడివయస్సులో ఆయనకు పని కరవైనది. 1892లో పాత పరిచయస్థుడైన ఒక తిమింగిల వేట కప్తాను ఆయనకొక పడవను ఇచ్చినాడు. తీరా చూస్తే అది నీటిలో లేదు! అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ అనే ఊరిలో, ఒక పొలంలో, శిథిలమై పడి ఉన్నది. దాని పేరు ‘స్ప్రే’, అనగా తుంపర. స్లోకం దగ్గరలోని ఓక్ చెట్టును నరికి వెన్నుదూలం చేసినాడు. 13 నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చుచేసి, పడవను తన చేతులతో తిరిగి నిర్మించుకొన్నాడు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. ఇకమీద అదే ఆయనకు ఇల్లు.

1895 ఏప్రిల్ 24న బోస్టన్ రేవు విడిచినాడు. వంట, చాపల మరమ్మతు, దిక్కుల గణన, అన్నీ తానే. తీరిక దొరికితే చదువు. చుక్కానిని కట్టివేస్తే ‘స్ప్రే’ తనంతట తానే దారి తప్పక సాగేది. తరువాత హిందూ మహాసముద్రంలో కీలింగ్ దీవులకు 23 రోజులలో 2,700 మైళ్ళు పోయినప్పుడు, ఆయన చుక్కాని పట్టినది మొత్తం మూడు గంటలకు మించలేదు.

కాని పడవ నడచినంత సులువుగా మనస్సు నడవదు. అట్లాంటిక్‌లో తొలిదినాలలోనే ఒంటరితనం ఆయనను క్రమ్ముకొన్నది. లేని చుక్కానిదారునికి పెద్దగొంతుతో ఆజ్ఞలిచ్చి, బదులు రాక ఊరకుండేవాడు. అజోర్స్ దీవులు విడిచిన తరువాత, అక్కడ లభించిన పండ్లూ జున్నూ వికటించి జ్వరపడినాడు. ఆ మైకంలో, కొలంబస్ నాటి ‘పింటా’ ఓడ నావికుడు తన చుక్కాని పట్టి నిలిచినట్లు కన్నాడు. తోడులేనివాని మనస్సు నాలుగు శతాబ్దాల వెనుకకు పోయి ఒక తోటి నావికుని వెదకి తెచ్చుకొన్నదన్నమాట.

నిజమైన తోటి నావికులు రేవులలో ఎదురైనారు. 1896లో దక్షిణ అమెరికా కొసన ఉన్న పుంటా అరీనాస్‌లో లంగరు వేసినప్పుడు, సాంబ్లిక్ అనే ఆస్ట్రియా కప్తాను ఆయనకొక సంచి కానుక చేసినాడు. అందులో ఉన్నవి తివాచీలు బిగించే సన్నని మేకులు! మాగెలాన్ జలసంధిలో దోపిడిగాండ్ర భయమున్నది. ఒక్కడు రేయింబవళ్ళు మేలుకొనలేడు. స్లోకం రాత్రివేళ మేకులను పడవపై మొనలు పైకి ఉండేటట్లు చల్లి నిద్రించినాడు. అర్ధరాత్రి వేళ పైకెక్కినవారు కేకలు పెట్టి నీటిలో దూకినారని ఆయన వ్రాసుకొన్నాడు. తుపాకి చేయలేని కాపలాను పొరుగువాని మేకులు చేసినవి.

పొందినవాడు ఇవ్వడమూ నేర్చినాడు. ఆ జలసంధిలోనే ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన కొవ్వు పీపాలను పడవలో వేసుకొని హువాన్ ఫెర్నాండెజ్ దీవికి చేరినాడు. 1704లో సెల్కర్క్ అనే నావికుడు ఒంటరిగా దిగబడి నాలుగేండ్లకు పైగా గడిపిన చోటది; రాబిన్సన్ క్రూసో కథకు ప్రేరణ అతడేనని చెప్పుదురు. క్రూసో దీవిలో స్లోకం మాత్రం ఒంటరి కాలేదు. ఎదురువచ్చిన దీవివారికి కొవ్వులో వేచిన తీపివంట పెట్టి, ఆ వంట చేయడం నేర్పినాడు. వీడ్కోలునాడు పిల్లలందరూ ఆయన వెంట అడవిపండ్లు ఏరుటకు వచ్చినారు.

అక్కడినుండి రేవు ముట్టక 72 రోజులు ప్రయాణించి సమోవా చేరినాడు. రచయిత స్టీవెన్‌సన్ 1894లో అక్కడే మరణించినాడు. ఆయన భార్య ‘స్ప్రే’కు వచ్చి, భర్త దాచుకొన్న సముద్రమార్గ దర్శిని గ్రంథాలను స్లోకంకు బహూకరించినది. చదువరి చేతి పుస్తకం నావికుని చేతికి చేరినది.

1898 జూన్ 27న, 46,000 మైళ్ళకు పైగా తిరిగి, న్యూపోర్టు చేరినాడు. 1900లో వెలువడిన యాత్రాగ్రంథం పేరులోనే ‘ఒంటరిగా’ అనే మాట ఉన్నది. అందులో అసత్యమేమీ లేదు. చాప ఎత్తినది ఒక్కడే, తుఫానుకు ఓర్చినది ఒక్కడే. కాని మేకులిచ్చినవాడు, పుస్తకాలిచ్చిన ఆమె, పండ్లు ఏరిన పిల్లలు ఆ గ్రంథం నిండా ఉన్నారు.

తుదకు ఆయన ‘స్ప్రే’ను ఫెయిర్‌హేవెన్‌కు తీసుకొనిపోయినాడు. తొలిసారి నీటిలో దింపిననాడు పడవను కట్టుటకు ఒడ్డున పాతిన దేవదారు గుంజ ఇంకను అక్కడనే ఉన్నది. దానికే త్రాడు వేసి కట్టినాడు.